తొంభయ్యో రోజు సందర్శకురాలు

పెన్నాతీర విశ్వవిద్యాలయంలో పట్టుపురుగులకు మల్బరీ ఆకు వేసే పని పద్నాలుగేళ్లుగా మారెక్కే చేస్తోంది. ఈ సంగతి పురుగులకు తెలుసు. పట్టుపరిశ్రమ శాఖ అధిపతి ప్రొఫెసర్ ఇందుమతి గారికి తెలుసు. గేటు దగ్గర వాచ్‌మన్ కుళ్ళాయప్పకు తెలుసు. తెలియనిదల్లా విశ్వవిద్యాలయానికే.

దానికీ కారణం ఉంది. దినకూలీ మీద ఉన్నవాళ్లు వరసగా తొంభై రోజులు పనిచేస్తే పర్మనెంటు చెయ్యమని అడుగుతారేమోనని పూర్వం ఎవరో రిజిస్ట్రారుకు భయం పట్టుకుంది. ఆయన రిటైరైపోయాడు గానీ భయం మాత్రం ఇంకా సర్వీసులోనే ఉంది. అందుకని ఎనభై తొమ్మిది రోజులు పని చేయించుకుని, తొంభయ్యో రోజు ఇంటికి పంపి, మర్నాడు మళ్లీ కొత్తగా చేర్చుకుంటారు. ఈ మధ్యలో వచ్చే ఒక్కరోజుకు ‘బ్రేక్’ అని పేరు. ఆ రోజు పొద్దున్నే ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్ సూపరింటెండెంట్ దొరస్వామి గారు తన చేత్తో ఒక ధ్రువపత్రం రాసి సంతకం పెడతారు. “శ్రీమతి బి. మారెక్క అను వ్యక్తికి నేటి దినమున ఈ విశ్వవిద్యాలయముతో ఎట్టి సంబంధమును లేదని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది.”

విశ్వవిద్యాలయం ఇంత పకడ్బందీగా ఏర్పాటు చేసుకుంటే పట్టుపురుగులు మాత్రం సహకరించలేదు. వాటికి తొంభయ్యో రోజున కూడా ఆకలేసేది. రోజుకు నాలుగు సార్లు ఆకు పడకపోతే అవి ఏ ధ్రువపత్రాన్నీ లక్ష్యపెట్టవు, చచ్చి ఊరుకుంటాయి. మొదటి బ్రేక్ రోజున మారెక్క ఇంట్లో కూర్చోలేక గేటు దగ్గరికొస్తే కుళ్ళాయప్ప ఆపేశాడు.

“ఈపొద్దు నిన్ను లోపలికి ఇడిసిపెట్టగూడదంట మారెక్కా. కాగితం వచ్చింది.”

“ఆకు ఎవురేస్తారన్నా? నువ్వేస్తావా?”

కుళ్ళాయప్ప తల గోక్కున్నాడు. పనివాళ్లను రానివ్వద్దని కాగితంలో ఉంది గానీ, చూడవచ్చిన వాళ్లను రానివ్వద్దని లేదు. సందర్శకుల రిజిస్టరు తీశాడు. పేరు రాశాడు. ఎవరిని చూడాలి అన్నచోట ఆమె “పురుగుల్ని” అంది, అదే రాశాడు. వృత్తి అన్నచోట మాత్రం పెన్ను ఆగిపోయింది. ఆ రోజుకు ఆమెకు ఉద్యోగం లేదు గదా. ఏం రాయాలో తోచక అడ్డంగా ఒక గీత గీశాడు.

ఆ గీతను చూసి మారెక్క మనసు చివుక్కుమంది. అలాంటి గీతలు ఈ పద్నాలుగేళ్లలో యాభై ఆరు పడ్డాయి.

ఇలా రోజులు గడుస్తుండగా వైస్ ఛాన్సలర్ గారు ఒక మహాసభకు వెళ్లివచ్చారు. పరిశోధన ఎంత ముఖ్యమో పరిశోధనకు ఊతమిచ్చే ఉద్యోగాలూ అంతే ముఖ్యమని అక్కడ ఎవరో చెప్పారట. వచ్చీ రాగానే ‘పరిశోధన, సహాయక ఉద్యోగావకాశాల మహోత్సవం’ ప్రకటించారు. అటెండర్లు ‘పత్ర సంచలన సమన్వయకర్తలు’ అయ్యారు. తోటమాలి ‘హరిత పరిసర సంవర్ధకుడు’ అయ్యాడు, అయినా నీళ్ల గొట్టం మాత్రం కారుతూనే ఉంది. పురుగులకు ఆకు వేసే పనికి ‘కీటక పోషణ పరిశోధన సహకారి, రెండవ శ్రేణి’ అని పేరు పెట్టి, ఒక పర్మనెంటు పోస్టు మంజూరు చేశారు.

నోటిఫికేషన్ నోటీసు బోర్డు మీద పడ్డ రోజున కుళ్ళాయప్ప పరుగున షెడ్డుకొచ్చాడు.

“మారెక్కా, నీ పోస్టు పడింది! ఏడో తరగతి పాసైతే చాలంట. నోటీసు తేదీకి వయసు నలభై రెండు దాటగూడదంట.”

మారెక్క చేతిలో ఆకుల తట్ట ఆగిపోయింది. వచ్చే నెలకు ఆమెకు నలభై రెండు నిండుతాయి. అంటే ఇదొక్కటే అవకాశం. ఇది రాకపోతే ఇంకెవరో వస్తారు. అప్పుడు బ్రేక్ ఇవ్వడానికి కూడా ఆమె అక్కరలేదు.

“ఇంకేమన్నా అడిగినారా అన్నా?”

“ఈ పనిలో నిరంతరాయంగా తొంభై రోజుల అనుభవం ఉండాలంట. నీకు పద్నాలుగేండ్లు ఉండాది. ఇంగేం గావల్ల?”

మారెక్క పట్టలేని సంతోషంతో ఆ పూట పురుగులకు రెండు గుప్పెళ్లు ఎక్కువే వేసింది. మర్నాడే దరఖాస్తు పట్టుకుని దొరస్వామి గారి ముందు నిలబడింది.

దొరస్వామి గారు చెడ్డవారు కాదు. ముప్పై ఏళ్ల సర్వీసులో ఎవరి మీదా చెయ్యెత్తలేదు, గొంతెత్తలేదు. ఏ అన్యాయం చేసినా నిబంధన చూసుకునే చేశారు. దరఖాస్తు రెండుసార్లు చదివి, కళ్లద్దాలు తుడుచుకున్నారు.

“అమ్మా, మీ అనుభవము ఎనభై తొమ్మిది దినములు. ఒక దినము తక్కువైనది.”

“పద్నాలుగేండ్లు సార్.”

“కాదు. ఎనభై తొమ్మిది దినములు, యాభై ఆరు పర్యాయములు.”

“అన్నీ కలపండి సార్.”

“అనుభవమును కలుపుటకు నిబంధనలు అంగీకరించవు. బ్రేక్ వచ్చిన ప్రతిసారీ అనుభవము నశించును. మరుసటి దినము మీరు ఏమీ తెలియని వారుగా చేరుచున్నారు.” ఆయన గొంతులో నిజంగానే జాలి ఉంది. “నిన్నటికి మీ అనుభవము పదునొకండు దినములు. పురుగులకు మీరు కొత్త.”

“పురుగులే నాకు కొత్త సార్. నెలకోసారి మారతాండాయి. నేనే పాతదాన్ని.”

ఈ వాదనకు తగిన నిబంధన ఏదీ దొరస్వామి గారికి కనబడలేదు. అందువల్ల దరఖాస్తు మీద ‘అనుభవలేమి కారణముగా తిరస్కరించడమైనది’ అని రాసి, గుండ్రటి ముద్ర వేసి, మర్యాదగా రెండు చేతులతో తిరిగిచ్చారు.

మారెక్క షెడ్డుకొచ్చి ఏడ్చింది. పురుగుల మీద కన్నీళ్లు పడితే జబ్బు చేస్తుందని ఒక మూలకు పోయి ఏడ్చింది. ఇందుమతి గారు ఆ కాగితం చూసి మండిపడి రిజిస్ట్రార్ అనంతశయనం గారి గదికి వెళ్లారు.

“ఆమె లేకపోతే నా పరిశోధన లేదు సార్. నేను రాసిన ప్రతి పేపరు వెనకా ఆమె చెయ్యి ఉంది.”

“ప్రొఫెసర్ గారూ, మీ భావోద్వేగాన్ని ఈ కార్యాలయం రికార్డు చేసుకుంటుంది,” అన్నారు రిజిస్ట్రార్ గారు. “కానీ ఇది మెరిట్ యుగం. ఈ ఒక్క పోస్టుకు నూట ఇరవై ఏడు దరఖాస్తులు వచ్చాయి. అందులో నలభై మంది డాక్టరేట్లు. ఒక పురుగుకు ఇంతకు మించి గౌరవం ఏముంటుంది?”

“తొంభై రోజులు పురుగులకు ఆకు వేసిన అనుభవం వాళ్లకుందా?”

“ధ్రువపత్రాలు ఉన్నాయి,” అన్నారు ఆయన, అడిగిన ప్రశ్న అదే అయినట్టు.

ఇక ఎంపిక కమిటీ వెయ్యాలి. అందులో బయటి నిపుణుడు ఒకరుండాలి. బంధుప్రీతి చోటు చేసుకోకుండా ఆ నిపుణుడికి విశ్వవిద్యాలయంతో ఎట్టి సంబంధమూ ఉండకూడదు. విషయం తెలియని వాడు రాకుండా ఆ నిపుణుడు ఇదే ప్రయోగశాలను కనీసం పదిసార్లు సందర్శించి ఉండాలి. ఈ రెండు షరతులనూ రెండు వేరువేరు సబ్‌కమిటీలు రెండు వేరువేరు భోజనాల తర్వాత తయారు చేశాయి. రెండూ ఒకే మనిషికి ఎలా సరిపోతాయన్నది ఎవరి పరిధిలోకీ రాలేదు.

దేశం నలుమూలలా ఉన్న పట్టు శాస్త్రవేత్తల పేర్లు వెతికారు. ఒకాయన ప్రారంభోత్సవానికి ఒక్కసారి వచ్చాడు. ఇంకొకాయన రెండుసార్లు వచ్చాడు, అయితే రెండోసారి వచ్చింది మరిచిపోయిన గొడుగు కోసం. అప్పుడు రిజిస్ట్రార్ గారికి ఒక ఆధునికమైన ఆలోచన తట్టింది. గేటు దగ్గరి సందర్శకుల రిజిస్టర్లన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించి, పట్టు ప్రయోగశాలను అత్యధికంగా సందర్శించిన బయటి వ్యక్తి ఎవరో తేల్చమన్నారు. కంప్యూటరుకు మొహమాటం లేదు కనుక తేల్చేసింది.

మూడు రోజుల తర్వాత కుళ్ళాయప్ప రిజిస్టర్డ్ పోస్టు కవరు ఒకటి పట్టుకుని షెడ్డుకొచ్చాడు. మారెక్క ఇంటి చిరునామాకు వచ్చిన ఉత్తరం అది, ఇల్లు తాళం వేసుంటే పోస్ట్‌మన్ గేటు దగ్గర ఇచ్చిపోయాడు. ఆ ఇల్లు కాంపౌండు గోడకు అవతల వీధిలోనే ఉంది.

“నీకే మారెక్కా. డాక్టర్ బి. మారెక్క గారికి అని ఉండాది.”

“డాక్టరా? నాకేం జబ్బన్నా?”

“చదువు డాక్టరు. నిపుణులందరికీ ఆ ముక్క కంప్యూటరే తగిలిస్తాదంట.” కుళ్ళాయప్ప గొంతు సవరించుకుని చదివాడు. “పట్టుపురుగుల పట్ల తమరు చూపుచున్న అచంచలమైన ఆసక్తిని, యాభై ఆరు సందర్శనలను గుర్తించి, కీటక పోషణ పరిశోధన సహకారి ఎంపిక కమిటీకి తమరిని బాహ్య నిపుణులుగా ఆహ్వానించుటకు మిక్కిలి సంతసించుచున్నాము.”

ట్రేలలో పురుగులు నములుతూనే ఉన్నాయి.

“ఇంటర్వ్యూ ఏపొద్దన్నా?”

కుళ్ళాయప్ప తారీఖు చూశాడు. వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. అది తొంభయ్యో రోజు.

దొరస్వామి గారికి సంగతి తెలిసేసరికి ఉత్తరం వెళ్లిపోయింది. ఆయన చెమటలు పట్టి రిజిస్ట్రార్ గారి గదికి పరుగెత్తారు.

“సార్, ఆ నిపుణురాలు మన దినకూలీ అండి. పురుగులకు ఆకు వేసే మనిషి.”

రిజిస్ట్రార్ గారు ఫైలు తెరిచారు. “ఇంటర్వ్యూ రోజుకు ఆమెకు మనతో సంబంధం ఉందా?”

“ఆ రోజు... లేదండి. బ్రేక్.”

“గతంలో సందర్శించిన యాభై ఆరు రోజుల్లో?”

“లేదండి.”

“అలా అని ధ్రువీకరించింది ఎవరు?”

“నేనేనండి.”

“ఆ సంతకాలు తప్పంటారా?”

దొరస్వామి గారు ముప్పై ఏళ్లలో తప్పు సంతకం పెట్టలేదు. “తప్పు కాదండి. పోనీ, ఈ పోస్టుకు ఆమె కూడా దరఖాస్తు చేసిందండి. అభ్యర్థి నిపుణురాలు కాకూడదు.”

“ఆ దరఖాస్తు ఏమైంది?”

“అనుభవం లేదని తిరస్కరించామండి.”

“అయితే అభ్యర్థి కాదు. స్వచ్ఛంగా బయటి మనిషి.” రిజిస్ట్రార్ గారు ఫైలు మూసేశారు. “శాలువా తెప్పించండి.”

ఇంటర్వ్యూ రోజు పొద్దున ఆరింటికి మారెక్క మామూలుగా వచ్చి, రిజిస్టరులో గీత గీయించుకుని, పురుగులకు ఆకు వేసి, ఇంటికి పోయి తలదువ్వుకుంది. తొమ్మిదిన్నరకు విశ్వవిద్యాలయం కారు వచ్చింది. గోడకు ఆ పక్కన ఉన్న ఇంటి నుంచి ఈ పక్కన ఉన్న భవనానికి బైపాస్ రోడ్డు మీదుగా ఇరవై నిమిషాలు తీసుకెళ్లింది. నిపుణులను నడిపించకూడదని నిబంధన. గేటు దగ్గర కుళ్ళాయప్ప ఎప్పుడూ కొట్టని సెల్యూట్ కొట్టాడు. నవ్వు ఆపుకోలేక రెండో సెల్యూట్ కూడా కొట్టాడు.

దొరస్వామి గారు శాలువా కప్పారు. తను తిరస్కరించిన ముఖాన్ని ఆయన గుర్తుపట్టారు. కానీ ఫైలులో ముఖం ఉండదు గనుక నమస్కారం పెట్టారు.

బల్లకు నడుమ రిజిస్ట్రార్ గారు, ఎడమ పక్క ఇందుమతి గారు, కుడి పక్క మారెక్క, చివర కాగితాలతో దొరస్వామి గారు కూర్చున్నారు. నూట ఇరవై ఏడు మందిలో వడపోయగా మిగిలిన ముగ్గురు వచ్చారు. మొదటి కుర్రవాడు ‘పట్టుపురుగు ఆకలి: ఒక సైద్ధాంతిక పరిశీలన’ మీద డాక్టరేటు తీసుకున్నవాడు. ఆరు వందల పేజీల గ్రంథం బల్ల మీద పెట్టాడు.

“నాయనా,” అంది మారెక్క నెమ్మదిగా, “పురుగులు తల పైకెత్తి, కదలకుండా, ఆకు ముట్టకుండా ఉంటే ఏం చేస్తావు?”

కుర్రవాడు టై సర్దుకున్నాడు. “వాటిని మోటివేట్ చేస్తాను మేడం.”

“ఏం చెయ్యగూడదు నాయనా. పొర ఇడుస్తాండాయని అర్థం. ఆ ఒక్క దినం వాటి పాటికి వాటిని ఇడిసిపెట్టాల.”

రెండో అభ్యర్థి, ఇంటి నుంచే ఆకు వేసే వీలుందా అని అడిగాడు. రిజిస్ట్రార్ గారికి ఆ ప్రశ్న చాలా ప్రగతిశీలంగా తోచి నోట్ చేసుకున్నారు. మూడో అమ్మాయి హరిణి. మూడు పీజీలు చేసింది. పురుగుల జీవితచక్రం గుక్కతిప్పుకోకుండా చెప్పింది గానీ, ఎప్పుడైనా పురుగును పట్టుకున్నావా అని మారెక్క అడిగితే తల దించుకుంది.

“అనుభవ ధ్రువపత్రం అయితే బయట కొనుక్కున్నానండి. అందరూ అదే చేస్తారన్నారు,” అంది మెల్లగా. “ఐదేళ్లుగా తిరుగుతున్నానండి. ఏదో ఒక ఉద్యోగం కావాలి.”

ఆ మాటకు మారెక్కకు జాలేసింది. ఏదో అడగబోయి గడియారం చూసి దిగ్గున లేచింది.

“పదకొండైంది. ఆకెయ్యాల.”

“కమిటీ జరుగుతోందండీ,” అన్నారు రిజిస్ట్రార్ గారు.

“పురుగులకు చెప్పండి సార్ ఆ మాట,” అని మారెక్క శాలువాతోనే బయటికి నడిచింది. నిపుణురాలు లేకపోతే కోరం ఉండదు. కోరం కోసం కమిటీ అంతా ఆమె వెనకే నడిచింది. అభ్యర్థులూ నడిచారు.

రిజిస్ట్రార్ గారు ఆ షెడ్డులోకి రావడం అదే మొదలు. చెప్పులు విప్పించి, కాళ్లు కడిగించి గానీ మారెక్క లోపలికి రానివ్వలేదు. ఆమె చేతులు కడుక్కుని ట్రే ట్రేకూ ఆకు పరుచుకుంటూ పోయింది. కాసేపటికి షెడ్డంతా సన్నటి చప్పుడుతో నిండిపోయింది.

“బయట వాన పడుతున్నట్టుంది,” అన్నారు రిజిస్ట్రార్ గారు.

“కాదు సార్. తింటాండాయి.”

సైద్ధాంతిక కుర్రవాడి చేతిలో మారెక్క ఒక పురుగును పెడితే కెవ్వున అరిచి, గ్రంథం కాలి మీద పడేసుకున్నాడు. ఇంటి నుంచి పనిచేసేవాడు అప్పటికే ఇంటికి బయల్దేరాడు. హరిణి కళ్లు గట్టిగా మూసుకుని చెయ్యి చాపింది. పురుగు అరచేతిలో పాకుతుంటే ఒక కన్ను తెరిచి చూసి, “చల్లగా ఉందే!” అంది.

“ఈ పాప నేర్చుకుంటాది,” అంది మారెక్క ఇందుమతి గారితో. “మీ దగ్గర పరిశోధనకు పెట్టుకోండి మేడం. చేత్తో పట్టుకున్నంక రాస్తే బాగా రాస్తాది.”

మళ్లీ బల్ల దగ్గర చేరాక దొరస్వామి గారు ఫలితం చదివారు. అభ్యర్థులెవరూ అర్హులు కారు. ఇలాంటప్పుడు ఏం చెయ్యాలో నిబంధన పద్నాలుగులో ఉంది. తగిన అభ్యర్థి లభించనిచో, బాహ్య నిపుణులు తమ ఎరుకలో ఉన్న అర్హుని పేరు సూచింపవచ్చును. ఏనాడో ఒక పెద్దాయన అల్లుడి కోసం పెట్టిన నిబంధన అది.

“తమ ఎరుకలో ఎవరైనా ఉన్నారా మేడం?” అని అడిగారు రిజిస్ట్రార్ గారు.

“ఒకామె ఉండాది సార్. బి. మారెక్క అని.”

ఇందుమతి గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

“అది మీరే గదండీ!” అన్నారు దొరస్వామి గారు.

“నేనెట్లయితాను సార్? ఆయమ్మ మీ దగ్గర కూలికి చేస్తాది. నాకు మీతో ఏ సంబంధమూ లేదని మీరే రాసిచ్చినారు. ఒకసారి గాదు, యాభై ఆరు సార్లు. ఈ పొద్దుది కలిపితే యాభై ఏడు.”

దొరస్వామి గారు సహాయం కోసం రిజిస్ట్రార్ గారి వైపు చూశారు. రిజిస్ట్రార్ గారు సహాయం కోసం ఫైలు వైపు చూశారు. ఫైలు మారెక్క పక్షానే ఉంది.

“అయినా ఆమెకు అనుభవం ఎనభై తొమ్మిది దినములే,” అన్నారు దొరస్వామి గారు చివరి ఆశతో. “తొంభయ్యో దినమున ఆమె పనిలో లేదు.”

“ఉన్నింది సార్.” మారెక్క నవ్వుతో మొదలుపెట్టిన మాట నవ్వుగా నిలవలేదు. “ప్రతి తొంభయ్యో దినమూ నేను వచ్చి నా కండ్లారా చూసినా. ఆకు కోస్తానే ఉన్నింది, ఏస్తానే ఉన్నింది. పద్నాలుగేండ్లలో ఒక్క పూట గూడా ఆ పురుగుల్ని పస్తు పెట్టలేదు. నేను పొయ్యింది పురుగుల్ని చూసేకే అని రిజిస్టరులో రాసుండాది. నేను బయట మనిషిని, నాకు అబద్ధం చెప్పే పని లేదు.”

బాహ్య నిపుణుల లిఖితపూర్వక సాక్ష్యం హాజరు పట్టీ కన్నా ఎక్కువని నిబంధన ఇరవై రెండు చెబుతోంది. దొరస్వామి గారే దాన్ని చూపించాల్సి వచ్చింది. చూపించి, కాగితం ఆమె ముందు పెట్టి, పెన్ను మూత తీసి ఇచ్చారు. అలా ఇస్తున్నప్పుడు ఆయన ముఖంలో, ముప్పై ఏళ్లలో మొదటిసారి, నిబంధన మేలు చేస్తే ఎలా ఉంటుందో చూసిన ఆశ్చర్యం కనిపించింది.

“ఈ మారెక్క ఎటువంటి మనిషంటారు?” అన్నారు రిజిస్ట్రార్ గారు, మినిట్స్‌లో రాయించడానికి.

మారెక్క కాస్త ఆలోచించింది. “కొంచెం కోపిష్టిది సార్. పని మాత్రం బాగా చేస్తాది.”

వారం తిరక్కుండా నియామక పత్రం వచ్చింది. కీటక పోషణ పరిశోధన సహకారి, రెండవ శ్రేణి, పర్మనెంటు. ఇకమీదట బ్రేకులు లేవు. మారెక్క ఆ కాగితాన్ని షెడ్డులో గోడకు అంటించి, పురుగులకు చదివి వినిపించింది. అవి తింటూ విన్నాయి.

ఆ ఆదివారం పొద్దున ఆరింటికి గేటు దగ్గరికొస్తే కుళ్ళాయప్ప అడ్డం నిలబడ్డాడు. మొహం తేలేశాడు.

“పర్మనెంటోళ్లకు ఆదివారం సెలవంట మారెక్కా. స్టాఫును లోపలికి ఇడిసిపెట్టగూడదని కాగితం వచ్చింది. దొరస్వామి సారు సంతకం.”

మారెక్క నడుం మీద చెయ్యి పెట్టుకుని ఆ కాగితం వంక చూసింది. తర్వాత పకపకా నవ్వింది. కుళ్ళాయప్ప కూడా నవ్వుతూ సందర్శకుల రిజిస్టరు తీశాడు. పేరు రాశాడు. ఎవరిని చూడాలి అన్నచోట, అడక్కుండానే, పురుగుల్ని అని రాశాడు. అలవాటు కొద్దీ వృత్తి అన్నచోటికి పెన్ను పోయింది.

మారెక్క చెయ్యి అడ్డం పెట్టింది.

“ఆగన్నా. ఈపొద్దు గీత గీయగాకు. రాయి.”